ఆఫీసు విసుగుకు అలిపిరి మెట్లు: గాలిగోపురం దాకా నడక మీద ఒక ఉద్యోగి సమీక్ష

తిరుపతిలో రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తూ, వ్యాయామం మొదలుపెట్టాలని ఏళ్లుగా అనుకుంటూ, ఏ చోటా కుదురుకోలేకపోయినవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నేను పరిశీలిస్తున్నది అలిపిరి పాదాల మండపం దగ్గర మొదలై గాలిగోపురం వరకు సాగే మెట్ల దారిని మాత్రమే. తిరుమల దాకా పూర్తి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు ఉంటుంది కనుక అది సెలవు రోజున దర్శన సంకల్పంతో చేసే ప్రయాణం. గాలిగోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు ఎక్కి దిగడం మాత్రం పనిదినాల్లో కూడా కుదురుతుంది. ఊళ్లో ఎంతోమంది ఉద్యోగులు, వ్యాపారులు, పదవీ విరమణ చేసినవారు ఈ దారిని అలాగే వాడుకుంటున్నారు.

ఏ వ్యాయామ సదుపాయానికైనా నేను పెట్టే పరీక్ష ఒకటే. ఆఫీసులో అన్నీ ఎదురుతిరిగిన రోజున, ఇంటికి పోయి మంచం మీద వాలితే చాలుననిపించే వేళ, ఆ చోటు మనిషిని తన దగ్గరికి రప్పించుకోగలదా? మనసు బాగున్న రోజున ఎవరైనా పరుగెత్తగలరు. కౌంటరు ముందు ఇరవై మంది నిలబడి ఉండగా సర్వరు ఆగిపోవడం, తన చేతిలో లేని ఆలస్యానికి ఖాతాదారుల ఎదుటే పై అధికారి చేత మాట పడడం, నవంబరులో జీవన ప్రమాణ పత్రాల కోసం వచ్చిన పెద్దలను మళ్లీ రేపు రమ్మనాల్సి రావడం, సాయంత్రం ఆరు దాటాక వాట్సాప్ గ్రూపులో కొత్త లక్ష్యం వచ్చి పడడం, వీటిలో ఏ ఒక్కటీ పెద్ద కష్టం కాదు. రోజూ కొంచెం కొంచెంగా పేరుకుని మనిషిలోని ఉత్సాహాన్ని తినేస్తాయి. అలాంటి ఉద్యోగి ఒంట్లో అలసట ఉండదు, మనసులో మాత్రం ఉంటుంది. ఆ రెంటికీ తేడా తెలియక వ్యాయామం మానేస్తాడు. అందుకే పరికరాలు, హంగులు, రుసుముల కంటే ముందుగా ఈ ఒక్క పరీక్షతోనే అలిపిరి దారిని చూశాను. అది ఈ పరీక్షలో నిలబడింది, అయితే నిలబడిన తీరు నేను ఊహించినది కాదు.

ముందుగా దారి సంగతి. పాదాల మండపం దగ్గర శ్రీవారి పాదరక్షలను తలపై పెట్టుకుని ప్రదక్షిణ చేసేవారిని దాటుకుని మెట్ల మీదికి రాగానే ఎక్కుడు మొదలవుతుంది. గాలిగోపురం వచ్చేవరకు అది పెద్దగా సడలదు. గోపురం దాటాక దారి చాలా దూరం సమంగా సాగి, జింకల పార్కు, ఏడవ మైలు ఆంజనేయస్వామి విగ్రహం మీదుగా పోయి, చివర రామానుజులు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారుగా లేస్తుంది. అంటే గుండెకు, ఊపిరితిత్తులకు, తొడ కండరాలకు కావలసిన శ్రమలో పెద్ద భాగం ఈ మొదటి భాగంలోనే దొరుకుతుంది. నిదానంగా ఎక్కేవారికి గంట అటూఇటూ పడుతుంది. 2021లో దారిని కొన్ని నెలలు మూసి, పైకప్పును కొత్తగా వేసి, అక్టోబరులో తిరిగి తెరిచారు. అప్పటి నుంచి ఎండకూ వానకూ భయపడే అవసరం బాగా తగ్గింది. దీపాలు, తాగునీరు, మరుగుదొడ్లు ఉన్నాయి. ప్రవేశానికి డబ్బు కట్టనక్కరలేదు. సదుపాయాల గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు.

మనిషిని రప్పించుకోవడంలో ఈ దారికి ఉన్న మొదటి బలం, అది కనబడుతూ ఉండడం. చీకటి పడ్డాక కొండ మీద వెలిగే గాలిగోపురం, శంఖుచక్ర నామాలు ఊళ్లో చాలా వీధుల నుంచి, మేడల మీది నుంచి కనిపిస్తాయి. లెక్కలు సరిపోక ఆలస్యమైన సాయంత్రాల్లో ఆఫీసు కిటికీలోంచి ఆ వెలుగు కనిపిస్తే, రేపు ఉదయం వెళ్లాలన్న ఆలోచన దానంతట అదే వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత అని ముందే నిర్దిష్టంగా నిర్ణయించుకున్నవారు, ఊరికే 'చేయాలి' అనుకున్నవారి కంటే ఆ పనిని నిజంగా చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. 'మంగళవారం ఉదయం ఐదున్నరకు, పాలు తెచ్చి ఇంట్లో పెట్టాక, పాదాల మండపం' అన్నది అలాంటి నిర్ణయం. ఉత్సాహం వచ్చాక బయలుదేరుదామని కూర్చుంటే అది వచ్చే రోజులు తక్కువ. బయలుదేరాక, ఓ వంద మెట్లు ఎక్కాక వచ్చే రోజులు ఎక్కువ.

రెండవ బలం, లక్ష్యాన్ని చిన్న ముక్కలు చేసుకునే వీలు. మధ్యమధ్య మెట్ల మీద కనిపించే అంకెలు ఆ పనిని చక్కగా చేస్తాయి. మనసు ఏమాత్రం సహకరించని రోజున 'ఐదు వందల మెట్లు చాలు, వెనక్కి వచ్చేద్దాం' అని బయలుదేరవచ్చు. అలా వెనక్కి వచ్చినా అది వ్యాయామమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గానీ అవసరం. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని అందులో తీసేశారు. కొద్దిపాటి కదలిక కూడా లెక్కలోకి వస్తుందన్న ఈ మార్పు ఉద్యోగులకు పెద్ద ఊరట. అంతా చేయలేకపోతే అసలు చేయడమే దండగ అన్న పట్టుదలే చాలామందిని మూడో వారంలో ఇంట్లో కూర్చోబెడుతుంది.

మూడవ బలం మనుషులు. వేకువనే ఎక్కేవారిలో కొన్నాళ్లకు ముఖపరిచయాలు ఏర్పడతాయి. ఎవరూ పేరు అడగరు, ఏ ఆఫీసు, ఏ హోదా అని అంతకన్నా అడగరు. 'ఏం సామీ, రెండు రోజులుగా కనపడలేదే?' అని పలకరించే పెద్దాయన, మన జీతం ఎంతో, నిన్న మనల్ని ఎవరు ఏమన్నారో తెలియని మనిషి. రోజంతా హోదాను బట్టి పలకరింపులు వినేవారికి ఈ పలకరింపు ఎంత మేలు చేస్తుందో మాటల్లో చెప్పడం కష్టం. రాకపోతే గమనించే మనిషి ఒకరున్నారన్న ఎరుక, ముందే కట్టేసిన రుసుము కంటే గట్టిగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు కోపం సంగతి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ దారి గురించి ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే సలహా సరైనది కాదు. 'కోపంగా ఉంటే పోయి దబదబా మెట్లెక్కు, చెమటతో పాటు అదీ పోతుంది' అంటారు. 2024లో 'క్లినికల్ సైకాలజీ రివ్యూ' పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 154 అధ్యయనాలను కలిపి చూసింది. శరీరాన్ని ఉద్రేకపరిచే పనులు మొత్తం మీద కోపాన్ని తగ్గించలేదనీ, జాగింగ్ అయితే పెంచే వైపే మొగ్గిందనీ, దీర్ఘ శ్వాస, ధ్యానం, కండరాలను వదులు చేసుకోవడం వంటివి మాత్రం తగ్గించాయనీ అందులో తేలింది. దీని అర్థం వ్యాయామం పనికిరాదని కాదు. ఆరోగ్యానికి, నిద్రకు, మొత్తంగా మనసు తేటగా ఉండడానికి దాని మేలు వేరు. అప్పుడే రగిలిన కోపానికి మాత్రం వేగం మందు కాదు. నాతో పనిచేసే ఒకరు మేనేజరుతో మాటామాటా అనుకున్న రోజున మెట్లను తన్నుకుంటూ ఎక్కేవారు. పైకి చేరేసరికి ఆ గొడవ ఆయన నోట రెండింతలై ఉండేది. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు మనసు దానికి కారణం వెతుక్కుంటుంది, పొద్దుటి గొడవ సిద్ధంగా దొరుకుతుంది.

అలిపిరి దారి ఇక్కడే మిగతా చోట్ల కంటే మెరుగనిపిస్తుంది, ఎందుకంటే అది మనిషిని నెమ్మదించేలా చేస్తుంది. ముందు ఒక వృద్ధురాలు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ పోతుంటే వెనకున్నవారు ఆగక తప్పదు. చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లిదండ్రులు, ఊరి నుంచి గుంపుగా వచ్చి గోవింద నామం పలుకుతూ ఎక్కేవారు, మండపంలో కూర్చుని ఊపిరి తీసుకునే పెద్దవారు, వీళ్లందరి మధ్య ఎవరికీ తమ వేగం తమ ఇష్టం కాదు. ఆ నెమ్మదిని అడ్డంకి అనుకోకుండా వాడుకోగలిగితే ఫలితం ఉంటుంది. నేను అనుసరించే పద్ధతి చెబుతాను. మొదటి రెండు వందల మెట్లు కావాలనే నిదానంగా, రెండు మెట్లకు ఊపిరి తీసుకుంటూ, మూడు లేదా నాలుగు మెట్లకు వదులుతూ ఎక్కాలి. ఆఫీసు మాట మళ్లీ మనసులోకి వస్తే మెట్టు మీది అంకె చూసి లెక్క కొనసాగించాలి. అప్పటికీ లోపల సంభాషణ ఆగకపోతే పక్కన కూర్చోవాలి. కూర్చున్నందుకు ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. వేగం పెంచాలనుకుంటే ఆ తర్వాతే.

ఎంత వేగం సరైనదన్న ప్రశ్నకు కూడా దారిలోనే సమాధానం ఉంది. మాట్లాడగలిగి, పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలు కూడా ఊపిరి కోసం ఆగకుండా పలకలేకపోతే తీవ్ర శ్రమ అని వైద్యులు ఒక సులువైన గుర్తు చెబుతారు. అందరితో కలిసి 'గోవిందా' అనగలుగుతూ, కీర్తన అందుకోలేని వేగమైతే చాలామందికి సరిగ్గా సరిపోతుంది. నామం కూడా పలకలేకపోతే తగ్గించాలి. చేతికి పట్టీ కట్టుకుని గుండె వేగం చూసుకునేవారిని నేను కాదనను, కానీ దాని అవసరం నాకు కనబడలేదు.

ఈ నడకతో ఆఫీసులోని సమస్య తీరిపోతుందని ఎవరికీ హామీ ఇవ్వలేను. అన్యాయంగా పంచిన పనిని అన్యాయమని చెప్పాల్సింది ఆఫీసులోనే, సెలవు ఎందుకు నిరాకరించారని అడగాల్సింది అధికారినే. నడక ఇచ్చేది, జరిగినదానికీ మనం ఇచ్చే జవాబుకూ మధ్య కాస్త వ్యవధి. మెమో అందుకున్న రాత్రే సంజాయిషీ రాసి పంపేవారికీ, మర్నాడు ఉదయం ఎక్కి దిగి, స్నానం చేసి రాసేవారికీ భాషలోనే తేడా తెలుస్తుంది. రెండవవారి ఉత్తరంలో తేదీలు, వాస్తవాలు ఉంటాయి, విశేషణాలు ఉండవు. ఏ చోటైనా ఒక ఉద్యోగికి చేయగలిగిన మేలుల్లో ఇది చిన్నది కాదు.

బరువు గురించి ఆశ పెట్టుకుని వచ్చేవారికి ముందే లెక్క చెప్పడం మంచిది. 65 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కితే జరిగే పని దాదాపు 64 కిలోజౌళ్లు, అంటే 15 కిలోకేలరీలు. కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది కాబట్టి వాస్తవంగా ఖర్చయ్యేది 60 నుంచి 75 కిలోకేలరీలు. గాలిగోపురం దగ్గర కారం చల్లిన మామిడికాయ ముక్కలతో, మజ్జిగతో సరిపెట్టుకుంటే ఇబ్బంది లేదు. కిందికి దిగాక రెండు ప్లేట్ల పూరీతో రోజు మొదలుపెట్టేవారు బరువు తగ్గలేదని దారిని నిందించకూడదు.

లోపాలకు వస్తే, అన్నింటికంటే పెద్దది దిగడం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడక భయపడతాం గానీ మోకాళ్లపై ఎక్కువ భారం పడేది దిగేటప్పుడే. తొడ కండరం సాగుతూ బరువును ఆపాల్సి వస్తుంది కనుక కొత్తవారికి మర్నాడు, ఆ మర్నాడు నొప్పి ఎక్కువగా ఉంటుంది. మొదటి నడక తర్వాత రెండో రోజున ఆఫీసు మెట్లు దిగలేక ఇబ్బందిపడి 'ఇది మనకు పడదు' అని మానేసేవారు చాలామంది. ఆ నొప్పి సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది, రెండో మూడో వారానికి రావడమే తగ్గుతుంది. కొత్తవారు మూడు నాలుగు వందల మెట్లతో మొదలుపెట్టి, దిగేటప్పుడు పక్కనున్న ఆధారం పట్టుకుని, మెట్టు మీద పాదం పూర్తిగా ఆనించి దిగితే ఈ దశ సులువుగా గడుస్తుంది. మోకాళ్ల నొప్పి ముందే ఉన్నవారు సెలవు రోజున పూర్తిగా పైకి ఎక్కి, ఆర్టీసీ బస్సులో కిందికి రావడమే మేలు.

రెండవ పరిమితి అడవి. ఈ దారి శేషాచలం అడవుల గుండా పోతుంది. 2010లో ఆ కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఒక ఆరేళ్ల పాప చిరుతపులి దాడిలో ప్రాణం కోల్పోయింది. ఆ తర్వాత అధికారులు బోనులు పెట్టి చిరుతలను పట్టుకోవడం, నడిచేవారికి కర్రలు ఇవ్వడం, గుంపులుగా నడవమనడం, మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను అనుమతించకపోవడం వంటి చర్యలు తీసుకున్నారు. వేళల నిబంధనలు పరిస్థితిని బట్టి మారుతుంటాయి కాబట్టి దేవస్థానం ప్రకటన చూసుకుని వెళ్లాలి. ఒంటరిగా, చెవుల్లో పాటలు పెట్టుకుని, జనం లేని వేళ ఎక్కడం ఏ విధంగానూ మంచిది కాదు. పిల్లలను వెంట తీసుకెళ్లేవారు వాళ్ల చెయ్యి వదలకూడదు. కోతుల బెడద దీని ముందు చిన్నది. చేతిలో తినుబండారాల సంచి లేకుండా ఉంటే చాలు.

మూడవది, ఈ దారి కాళ్లకే పనిచెబుతుంది. వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలాన్నిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కంప్యూటరు ముందు వంగి కూర్చునేవారి మెడ, భుజాలు, నడుము మెట్లెక్కితే బాగుపడవు. ఆ పని జిమ్ము బాగా చేస్తుంది. ఇంట్లో దండీలు, బస్కీలు తీసినా కొంతవరకు నెరవేరుతుంది. ఈ ఒక్క విషయంలో జిమ్ముకే నా ఓటు.

శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టుతో పోల్చి అడిగేవారున్నారు. అది 2,388 మెట్లు, సుమారు 2.1 కిలోమీటర్లు, నేరుగా తిరుమలకు చేరుస్తుంది. 2021 నవంబరు వర్షాలకు బాగా దెబ్బతిని, 2022 మేలో తిరిగి తెరుచుకుంది. వ్యాయామంగా అది గట్టిది, ప్రశాంతమైనది కూడా. కానీ ఊరి నుంచి పన్నెండు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి, సాయంత్రమే మూసేస్తారు. ఉద్యోగికి పనిదినాల్లో అలిపిరే అనుకూలం.

ఇక, దేవుడి మెట్లను వ్యాయామశాలగా వాడుకోవచ్చా అన్న అభ్యంతరం. ఇది గౌరవించవలసిన ప్రశ్న. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా కొండెక్కేవారంతా కాలిబాటల్లోనే వెళ్లారు, నడవలేనివారిని డోలీల్లో మోశారు. ఆ దారిలో శరీర శ్రమ, భక్తి ఎన్నడూ వేరుగా లేవు. ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టి లేచే స్త్రీ చేసే శ్రమ ముందు మన ఎక్కుడు ఏపాటిది? ఆవిడ అది ఆరోగ్యం కోసం చేయడం లేదన్న స్పృహ మనకుంటే చాలు. చెప్పులు చాలామందిలాగే కిందే వదలడం, పూజ చేసిన మెట్టు మీద అడుగు పడకుండా పక్కగా నడవడం, ఫోనులో పాటలు బయటికి వినిపించకపోవడం, భక్తులను తోసుకుంటూ పరుగులు తీయకపోవడం, పొగాకు, మద్యం దరిదాపులకు తేకపోవడం, ఇవి పాటిస్తూ నడిచేవారిని ఎవరైనా అభ్యంతరపెట్టగా నేను చూడలేదు.

నా అంచనాలో, ముప్ఫై నుంచి అరవై మధ్య వయసులో ఉండి, నడవడానికి వైద్యపరమైన ఆటంకం లేని ఉద్యోగికి తిరుపతిలో ఇంతకంటే మంచి వ్యాయామ స్థలం లేదు. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ ఎక్కుడు మొదలుపెట్టకూడదు. వారికి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సమతలమైన దారులు, ప్రకాశం పార్కు ఉన్నాయి. వారంలో మంగళ, బుధవారాలు రద్దీ తక్కువ. శనివారం, వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాల రోజుల్లో నడకకు చోటు దొరకడమే కష్టం. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా సాగే తమిళ మాసం పెరటాసిలో తమిళనాడు నుంచి వేలాదిగా భక్తులు వస్తారు. ఆ నెల శనివారాల్లో దారిని వారికి వదిలేసి, మన నడకను సోమవారానికి మార్చుకోవడం ఇద్దరికీ సౌకర్యం.